పేరు రాయని వార్త

తెనాలిలో సినిమావాళ్ళ గురించి మాట్లాడుకోవటమంటే చుట్టాల గురించి మాట్లాడుకోవటమే. బుర్రిపాలెం నుంచి కృష్ణ వెళ్ళారు. మోరంపూడి నుంచి జగ్గయ్య, రావికంపాడు నుంచి గుమ్మడి వెళ్ళారు. శారద మా ఊరి ఆడపడుచే. 'తులాభారం', 'స్వయంవరం', 'నిమజ్జనం' సినిమాలకు మూడుసార్లు దేశం మొత్తం మీద ఉత్తమ నటి అనిపించుకుంది. విజయా సంస్థ చక్రపాణిగారిది ఐతానగరం. వీధికొకరైనా 'మా మేనమామ బావమరిది మద్రాసులో ప్రొడక్షన్ మేనేజరు' అనేవాళ్ళుండేవారు. ఇలాంటి ఊళ్ళో, 1980ల మొదట్లో, పేర్లు లేకుండా అచ్చయ్యే సినిమా కబుర్లు ఎంత ఆసక్తిగా చదివేవాళ్ళో చెప్పాలంటే మారీసుపేటలో మా మామ్మగారి అరుగు గురించి చెప్పాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్ళు కొట్లకీ ఆఫీసులకీ వెళ్ళిపోయేవారు. కరెంటు పోయేది. లోపల ఉక్క భరించలేక ఆడవాళ్ళంతా అరుగు మీదికి చేరేవారు. ఒకరి ఒళ్ళో చేట, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతూ. ఇంకొకరు జాకెట్లకి కాజాలు కుడుతూ. ఎదురింటి అత్తయ్య మల్లెమొగ్గలు కట్టేది. అందరి చేతులకీ పని ఉండేది కాబట్టి చదివే పని నాది. "ఏమేవ్, ఆ చివరి పేజీ తియ్యి" అనేది మామ్మ. నేను ఎంత తడుముకోకుండా చదివితే అంత మెచ్చుకునేవారు. నాకు ఒత్తులూ దీర్ఘాలూ స్పష్టంగా పలకటం వచ్చింది బళ్ళో కాదు, ఆ అరుగు మీదే.

మా ఇంట్లోకి డబ్బు పెట్టి కొని తెచ్చే సినిమా పత్రిక 'విజయచిత్ర' ఒక్కటే. చక్రపాణిగారి సంస్థది, రావి కొండలరావుగారు చూసుకునేది, ఇంట్లో ఉండొచ్చని నాన్న తీర్పు. మిగతావన్నీ అద్దెకి వచ్చేవి. స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఓ అద్దె పుస్తకాల కొట్టుండేది. 'సితార', 'జ్యోతిచిత్ర' దగ్గర్నుంచి డిటెక్టివ్ నవలల దాకా అన్నిటికీ గోధుమరంగు అట్టలు వేసి, దారంతో కుట్టి, ఒకటో పేజీ మీద కొట్టు ముద్ర గుద్ది ఉంచేవాడు. రాత్రికి తీసుకెళ్తే మర్నాడు సాయంత్రానికి తిరిగివ్వాలి. గుసగుసలు ఏ పత్రికలో వచ్చేవో ఇక్కడ పేరు రాయను. ఆ అద్దె ప్రతిలో ఆ పేజీ మాత్రం ఇప్పటికీ నా కళ్ళకి కడుతుంది. పుస్తకం మొత్తంలో మాసిపోయింది ఆ ఒక్క పేజీయే. అంచులు మెత్తబడి, బొటనవేలి ముద్రలు పడి ఉండేవి. పక్క ఖాళీలో మాకంటే ముందు అద్దెకు తీసుకున్నవాళ్ళు పెన్సిల్‌తో పేర్లు రాసేవారు. ఒకరు రాసిన పేరు ఇంకొకరు కొట్టేసి, పక్కన 'కాదు, ఫలానా' అని రాసేవారు. దాని కింద మూడో చేతిరాత, 'ఇద్దరూ కాదు' అని. కొట్టతను అప్పుడప్పుడూ రబ్బరు పెట్టి చెరిపేవాడు. చెరిపిన చోట కాగితం పల్చబడిపోయి అవతలి పేజీ అక్షరాలు కనిపించేవి. ఊళ్ళో ముఖాలు చూసుకోనివాళ్ళు కూడా ఆ ఖాళీలో ఒకరితో ఒకరు వాదించుకునేవారు.

ఆ రాతకి ఒక పద్ధతి ఉండేది. మగవాణ్ణి చెప్పాల్సొస్తే 'ఓ అగ్రనటుడు', 'ఓ ప్రముఖ నిర్మాత'. అంతే, హోదా చెప్పి వదిలేసేవారు. అగ్రనటులంటే నలుగురైదుగురు, ఎవరైనా కావచ్చు. ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆనవాళ్ళు కుప్పలుగా వచ్చేవి. ఏ రాష్ట్రం నుంచి వచ్చింది, ఒళ్ళు చేసిందా చిక్కిందా, షూటింగుకి వెంట తల్లి వస్తుందా అక్క వస్తుందా, టీనగర్‌లో ఇల్లు ఎప్పుడు కొన్నది, ఈమధ్య విజయవాడలో ఏ శతదినోత్సవానికి రాలేదు. ఇన్ని చెప్పాక పేరు రాయకపోవటం వల్ల దాగేదేమీ లేదు. ఆ తేడా అప్పుడు నాకు పట్టలేదు. పజిల్ కట్టినవాడు గళ్ళు అలా కట్టాడనుకునేదాన్ని.

ఆ పజిల్ విప్పటంలో మా అరుగుకి సాటి లేదని ఇప్పటికీ అంటాను. ఒకసారి ఊటీలో షూటింగు మధ్యలో వదిలేసి ఓ కథానాయిక రాత్రికి రాత్రి మద్రాసు రైలెక్కేసిందని వచ్చింది. కాజాలు కుట్టే పిన్ని వెంటనే షూటింగు విశేషాల పేజీ తీయించింది. ఆ నెలలో ఊటీలో ఎన్ని యూనిట్లున్నాయో ఏరింది. ఒక యూనిట్‌లో కథానాయిక కొత్త పిల్ల, అలా అలిగి వచ్చే స్థోమత లేదు, కొట్టెయ్. ఇంకో దాంట్లో ఆవిడ పెళ్ళయినావిడ, భర్తే మేనేజరు, ఒంటరిగా రైలెక్కదు, కొట్టెయ్. మిగిలిన ఒక్కరి గురించి ఎదురింటి అత్తయ్య అంతకుముందు నెల పుస్తకంలో చూసిన ఫోటో గుర్తు తెచ్చింది. అందులో ఆవిడ నిర్మాత పక్కన కాకుండా చివర ఎక్కడో నిలబడి ఉందట. మామ్మ బియ్యం ఏరటం ఆపి, "అయితే ఆ పిల్లే" అంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. నలుగురు ఆడవాళ్ళు, చదువు అయిదో తరగతి దాటనివాళ్ళు, సాక్ష్యాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి తేల్చిన తీరుకి నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఆ తెలివికి ఇంకో పని దొరికే కాలం కాదది. ఒక్క నియమం మాత్రం ఉండేది. ఆనవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళ నటుల వైపు తిరిగితే అందరూ ఏకమై "మనవాళ్ళు అట్టాంటోళ్ళు కాదు" అని మాట మార్చేసేవారు. ఎరిగినవాళ్ళ మీద అంత సులువుగా నిర్ణయానికి రాలేమని వాళ్ళకి లోపల తెలుసన్నమాట.

ఆ అరుగు మీదకి అప్పుడప్పుడూ భామ పిన్ని వచ్చేది. అసలు పేరు వేరు. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ వేసేది కాబట్టి పిల్లలమంతా అలా పిలిచేవాళ్ళం. స్థానం నరసింహారావుగారు శ్రీరామ విలాస సభ తరఫున సత్యభామ వేసిన ఊళ్ళో ఆ వేషం కట్టి మెప్పించటం చిన్న సంగతి కాదు. కాలువ కట్ట దిగువన రెండు గదుల ఇల్లు. భర్త లేడు. ఓ కూతురు, తల్లి, తమ్ముడు ఆవిడ మీదే ఆధారపడి ఉండేవారు. శివరాత్రికి మొదలుపెట్టి ఎండాకాలం తిరునాళ్ళ దాకా తీరిక ఉండేది కాదు. కంట్రాక్టరు పంపిన వ్యానులో సాయంత్రం వెళ్తే తెల్లారాక వచ్చేది, కంటి కింద కాటుక ఇంకా చెదిరి ఉండేది. నన్ను కూర్చోబెట్టి పద్యం ఎక్కడ విరవాలో, రాగం ఎక్కడ ఆపాలో చెప్పేది. వయసులో ఉన్నప్పుడు కొన్నాళ్ళు మద్రాసులో ఉండి చిన్న వేషాలు వేసి వచ్చింది. పాండీబజార్, వాహినీ, ఏవీయం అని ఆవిడ చెబుతుంటే ఆ చోట్లన్నీ మా వీధి అవతలే ఉన్నట్టుండేది.

భామ పిన్ని మాత్రం గుసగుసల పేజీ చదువుతుంటే పేరు చెప్పేది కాదు. అడిగితే ఇంకో సంగతి చెప్పేది: "ఎవరు అని కాదే, ఎవరు రాయించారు అని ఆలోచించు." నిర్మాత అడిగిన తేదీల్లో కాల్‌షీట్లు ఇవ్వకపోతే వారం తిరక్కుండా 'ఆ నటికి తల పొగరెక్కింది' అని వస్తుందట. సినిమా విడుదల దగ్గరపడితే నాయికా నాయకుల మధ్య ఏదో ఉందని కంపెనీ మనుషులే చెవిన వేస్తారట. కారు డ్రైవరు, కాస్ట్యూమ్ అసిస్టెంటు, మేకప్ అసిస్టెంటు, అందరి దగ్గరా తలో ముక్కా పోగేస్తారట. జీతం సరిగా అందనివాడు ఒక ముక్క ఎక్కువే చెబుతాడట. అరుగు మీద వాళ్ళకి ఇదంతా రుచించేది కాదు. వాళ్ళకి కావలసింది పేరు.

తరవాత ఓ ఏడు, శివరాత్రి ముందు, మా ఊళ్ళో వచ్చే నాలుగు పేజీల వారపత్రికలో ఓ చిన్న కబురు పడింది. పలచటి కాగితం, సిరా పక్క పేజీకి అంటుకుపోయే పత్రిక. 'కాలువ ఒడ్డున కాపురముండే ఓ రంగస్థల కళాకారిణి'కీ, 'మార్కెట్లో పలుకుబడి గల ఓ వ్యాపారి'కీ సంబంధం అంటగట్టి రాశారు. పేర్లు లేవు. కాలువ ఒడ్డున ఉండే కళాకారిణులు ముగ్గురో నలుగురో ఉన్నారు. మా ఊరి మీదుగా పారేదే మూడు కాలువలు. మార్కెట్లో పలుకుబడి గల వ్యాపారులు ఎందరున్నారో చెప్పక్కర్లేదు. వ్యాపారి ఎవరని ఎవరూ ఎక్కువసేపు ఆలోచించలేదు. కళాకారిణి ఎవరో మాత్రం సాయంత్రంలోగా తేల్చేశారు.

మా అరుగు మీద కూడా. ఊటీ నుంచి రైలెక్కిన కథానాయికను ఎలా పట్టారో అలాగే. ఒకావిడకి భర్త ఉన్నాడు, కొట్టెయ్. ఇంకొకావిడ వయసు మళ్ళింది, కొట్టెయ్. ఆ మధ్య భామ పిన్ని కొత్త చీర కట్టింది కదా, ఎవరు కొనిచ్చారంటావ్? అదే చేట, అవే కాజాలు, అదే తర్కం. మా అమ్మ మాత్రం మధ్యలో లేచి లోపలికి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తరవాత అమ్మా భామ పిన్నీ ఆ పత్రికాఫీసుకి వెళ్ళారు. నేనూ వెంటపడ్డాను. రణరంగ చౌక్ అవతల మేడమీద ఒకే గది, బల్ల మీద కాగితాలు గాలికి ఎగరకుండా పెట్టిన ఇటుక ముక్క. సంపాదకుడు మర్యాదగానే కుర్చీలు వేయించాడు. భామ పిన్ని పత్రిక ముందు పెట్టింది. "ఇందులో మీ పేరెక్కడన్నా ఉందా అమ్మా? చూపించండి" అన్నాడు. పిన్ని ఏమీ అనలేదు. "పోనీ, మీరు కాదని వేయమంటే వచ్చే వారం వేస్తాను. పేరు ఏమని వెయ్యమంటారు?" అని కలం తీశాడు. పిన్ని లేచి నిలబడింది. మెట్లు దిగి చౌక్‌లోకి వచ్చాక అమ్మతో అంది: "నేను కాదని చెప్పాలంటే ముందు నా పేరు నేనే అచ్చేయించుకోవాలి అక్కయ్యా. ఇప్పటిదాకా చదవనివాళ్ళు కూడా చదువుతారు." వేదిక మీద మైకు లేకుండా చివరి వరుస దాకా వినిపించే గొంతు ఆవిడది. ఆ మాట పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

పిన్ని తమ్ముడు ఆ మనిషిని చౌక్‌లో పట్టుకు తంతానని కూర్చున్నాడు. అతణ్ణి ఆపింది నాటకాల్లో హార్మోనియం వాయించే ఓ తాతగారు. వయసులో మద్రాసులో ఉన్నాడాయన. లక్ష్మీకాంతన్ అనే అతను 'సినిమా తూదు' అనే అరవ పత్రిక పెట్టి సినిమావాళ్ళ గుట్టుమట్లు అంటూ రాసేవాడనీ, రాయకుండా ఉండటానికి డబ్బు పుచ్చుకునేవాడని చెప్పుకునేవారనీ, కొందరు సినిమావాళ్ళు ఫిర్యాదు చేసి దాన్ని ఆపిస్తే 'హిందూ నేసన్' పేరుతో మళ్ళీ మొదలుపెట్టాడనీ చెప్పాడు. 1944 నవంబరులో వేపేరిలో పట్టపగలు రిక్షాలో వెళ్తుంటే అతన్ని పొడిచారు. మర్నాడు ఆసుపత్రిలో పోయాడు. అరవ తారలు త్యాగరాజ భాగవతార్‌నీ, ఎన్‌.ఎస్‌. కృష్ణన్‌నీ, పక్షిరాజా శ్రీరాములు నాయుడినీ ఆ హత్య కేసులో అరెస్టు చేశారు. నాయుడు విచారణలోనే బయటపడ్డాడు. తరవాత ఎన్టీఆర్, భానుమతిలతో 'అగ్గిరాముడు' తీసింది ఆయనే. మిగతా ఇద్దరికీ యావజ్జీవ శిక్ష పడింది. ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి, 1947లో నిర్దోషులని బయటికొచ్చారు. "వచ్చి ఏం లాభం? 'హరిదాసు' మూడు దీపావళులు ఆడిన మనిషి భాగవతార్. జైలు నుంచి వచ్చాక ఆ వైభోగం మళ్ళీ రాలేదు. చంపింది ఎవరో ఈనాటికీ తేలలేదు. నువ్వు చెయ్యెత్తితే ఆ రాసినవాడు అమాయకుడైపోతాడు, మీ అక్క పేరు పోలీసు కాగితం మీదికెక్కుతుంది" అన్నాడు తాతగారు. తమ్ముడు చల్లబడ్డాడు.

మా వీధిలో ఓ ప్లీడరు మామయ్య ఉండేవాడు. నాన్న ఆయన్ని అడిగాడు. పరువునష్టానికి పేరు రాయనక్కర్లేదు, ఎవరి గురించో గుర్తుపట్టేలా ఉంటే చాలు, పీనల్ కోడ్ 499వ సెక్షను కింద కేసు వెయ్యొచ్చు అన్నాడాయన. కానీ ఒక్కటి కావాలి. 'చదవగానే ఈవిడేనని నాకర్థమైంది' అని ఎవరో ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి. ఆ మాట ఊళ్ళో అననివాళ్ళు లేరు. బోను ఎక్కి అనటానికి ఒక్కరూ రాలేదు. ఎదురింటి అత్తయ్యని అమ్మ అడిగితే, "మాకెందుకమ్మా కోర్టులు" అంది. పేరు లేని రాతకి బలం ఎక్కడుందో నాకు అర్థమైంది ఆ మాటతోనే. రాసినవాడు సగం రాసి చేతులు దులుపుకుంటాడు, మిగతా సగం మన నోటితో చెప్పిస్తాడు, అడిగితే ఇద్దరం తప్పుకుంటాం.

ఆ సీజనులో పిన్నికి రావలసిన కంట్రాక్టులు చాలా వరకు రాలేదు. కుదిరిన నాటకాల్లోనూ కరపత్రం మీద ఆవిడ పేరుండాల్సిన చోట ఇంకొకరి పేరు పడింది. కూతురు మా బళ్ళోనే చదివేది, కొన్నాళ్ళు రావటం మానేసింది. కాలువ ఒడ్డున ఉండే మిగతా కళాకారిణులు కూడా తమ మీద అనుమానం పడుతుందేమోనని పిన్ని ఇంటి వైపు రావటం తగ్గించారు. ఒకే వ్యానులో తిరునాళ్ళకి వెళ్ళినవాళ్ళు వాళ్ళంతా. అరుగు మీద అమ్మ నా చేత గుసగుసల పేజీ చదివించటం మానిపించింది. "వారపత్రికలో సీరియల్ చదువు" అనేది. ఇద్దరు ముగ్గురికి కోపం వచ్చి వేరే అరుగు చూసుకున్నారు. మామ్మ మాత్రం మాట్లాడకుండా సీరియలే వింది.

పిన్ని ఒకటి రెండేళ్ళకి గుంటూరు వెళ్ళి, అక్కడ సంగీతం చెప్పుకుని బతికింది. ఆ తరవాత కూడా అప్పుడప్పుడూ వేషం కట్టిందని విన్నాను.

ఇన్నేళ్ళ తరవాత ఆ అరుగు మళ్ళీ గుర్తొచ్చింది. 2024 ఆగస్టులో కేరళ నుంచి జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటికొచ్చింది. 2017లో వేసిన కమిటీ, 2019 చివర్లో ఇచ్చిన నివేదిక. మలయాళ సినిమాలో ఆడవాళ్ళు ఏం పడుతున్నారో వాళ్ళే వచ్చి చెప్పుకున్నారు. చెప్పినవాళ్ళని కాపాడటానికి పేర్లు తీసేసి, కొన్ని పేజీలు ఆపేసి విడుదల చేశారు. ఆ వారమంతా మన టీవీల్లో, ఫోన్లలో నేను చూసిందేమిటంటే 'ఆ నటి ఎవరు?' అనే ప్రశ్న. 'ఆ దర్శకుడు ఎవరు?' అని అడిగినవాళ్ళు తక్కువ. తెలుగు సినిమా పరిశ్రమ మీద తెలంగాణ ప్రభుత్వం వేసిన సబ్ కమిటీ నివేదికను కూడా బయటపెట్టమని నటి సమంత అడిగారు. అడిగిన ఆ మాట కంటే, ఆవిడ ఎందుకు అడిగి ఉంటుందన్న ఊహల మీదే ఎక్కువ మంది మాట్లాడారు. పేరు దాచటంలో రెండు రకాలున్నాయి. మాట్లాడినందుకు దెబ్బ తినే మనిషిని కాపాడటానికి దాచే పేరు ఒకటి, రాసినందుకు జవాబు చెప్పక్కర్లేకుండా ఉండటానికి దాచే పేరు ఒకటి. మొదటిదాన్ని విప్పటానికి మనకు ఏ హక్కూ లేదు. రెండోదాని దగ్గర మనం విప్పాల్సింది రాసినవాడి పేరు.

పేర్లు దాచని కాగితాలూ ఉన్నాయి. తెనాలి, రేపల్లె, బాపట్ల, చీరాల వైపు పాత ఇళ్ళల్లో 1970లు, 80ల నాటి నాటకాల కరపత్రాలు ఇంకా ఉన్నాయి. నాకు తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో కొన్ని చూశాను. గులాబీరంగు, పచ్చరంగు పల్చటి కాగితాలు, తిరునాళ్ళ తేదీ, కమిటీవారి పేర్లు, కింద వేషాల వరుస. సత్యభామ ఎవరు, చింతామణి ఎవరు, చంద్రమతి ఎవరు అని అందులో పూర్తి పేర్లు ఉన్నాయి. ఆ కళాకారిణుల పేర్లు గౌరవంగా అచ్చయిన కాగితాలు బహుశా అవే. మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున అలాంటివి కనిపిస్తే పాత పేపర్లవాడికి వెయ్యకండి. దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికైనా, నాటక కళాపరిషత్తుకైనా ఇవ్వండి. అదీ కుదరకపోతే ఒక ఫోటో తీసి ఉంచి, ఆ వేషాలు చూసిన పెద్దవాళ్ళు ఇంకా మీ ఇంట్లో ఉంటే, ఎవరు ఎలా పాడేవారో అడిగి వెనకాల రాయండి.